గోడ లోపలి పిట్ట

తుర్కు సుల్తానుల కాలంలో, కొన్యా నుంచి అక్సరాయ్ వెళ్ళే దారిలో, చెట్టన్నది కనిపించని మెట్టనేల మీద, ఆ ఏడు బాటసారులు దిగే సరాయి ఒకటి లేస్తోంది. ముందు ఆకాశం కనిపించే పెద్ద వాకిలి, వెనక కప్పు వేసిన పొడుగాటి సాల. మంచు పడ్డప్పుడు బేహారులూ గుర్రాలూ ఒంటెలూ అందరూ ఆ సాలలోనే ఒకరి ఊపిరి ఒకరికి తగిలేలా పడుకోవాలి. కట్టించే అమీరు ఎక్కడో సుల్తాను కొలువులో ఉంటాడు. పనివాళ్ళు ఆయన్ని చూసింది లేదు. వాళ్ళకి తెలిసిన ప్రభువల్లా సుంగుర్ మేస్త్రీ.

సుంగుర్ తుర్కుమాను జాతివాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం ఈ కొండ నుంచి ఆ కొండకి వినిపిస్తుంది. మంచు పడేలోగా సాలకి కప్పు పడాలని ఆయన పట్టుదల. కొత్త రాయి తేవాలంటే కొండ దూరం. అందుకని చుట్టుపక్కల పాడుబడ్డ ఊళ్ళ నుంచి, కూలిన చర్చిల నుంచి, ఎవరు కట్టారో ఎవరికీ గుర్తులేని మండపాల నుంచి పాత రాళ్ళు బళ్ళ మీద వచ్చిపడేవి. ఆ రాళ్ళకి ఆయన దగ్గర ఒకటే పద్ధతి.

"సింహమో పిట్టో తీగో ఉంటే మొహం బయటికి పెట్టండి. దారినపోయేవాడు చూసి సంతోషిస్తాడు. శిలువ ఉంటే మొహం లోపలికి. ఉత్త రాతలుంటే రాయి ఎటు కుదురుగా కూర్చుంటే అటు. మళ్ళీ మళ్ళీ నన్నడక్కండి."

సున్నం కలిపే వహ్రామ్ ఊరుకునే రకం కాదు. ఆర్మీనియావాడు, నోటికి తాళం లేదు.

"మేస్త్రీ, పిట్టా శిలువా రెండూ ఒకే రాయి మీద ఉంటేనో?"

"శిలువదే పైచెయ్యి. లోపలికే."

"విన్నార్రా? మా శిలువదే పైచెయ్యంట! మేస్త్రీ నోటితోనే అన్నాడు."

అందరూ నవ్వారు. సుంగుర్ కూడా నవ్వాడు. ఆయన మాటలో పగేమీ లేదు. ఉల్లిపాయలు ఒక బుట్టలో, వెల్లుల్లి ఒక బుట్టలో వెయ్యమన్నట్టు చెప్పేవాడు అంతే.

సాల గోడ పేర్చేవాడు యొర్దాన్. తుర్కులు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్న రూమీ క్రైస్తవుల్లో ఒకడు. రాయిని రాయి పక్కన కూర్చోబెట్టడంలో అతని చేతికి పేరుంది. తూకపుగుండు వేలాడదీసి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. అయితే శిలువ ఉన్న రాయి వస్తే మాత్రం అతని మొహం మాడిపోయేది. గోడకి లోపలొక వరస, బయటొక వరస పేర్చి, మధ్య ఖాళీలో రాళ్ళముక్కలూ గచ్చూ పోస్తారు. లోపలికి తిరిగిన శిలువ ఆ గచ్చులో మునిగిపోతుంది. ఇక దాన్ని చూసే కన్ను ఉండదు. చిన్నప్పటి నుంచి దేని ముందు తలవంచాడో దాన్ని తన చేత్తో ముంచడం యొర్దాన్ వల్ల కాలేదు. అలాగని పని మానుకోలేడు.

ఇది కనిపెట్టింది వహ్రామే. ఎవరూ చెప్పకుండానే ఒక పని మొదలుపెట్టాడు. శిలువ రాయి వస్తే, అది యొర్దాన్ దగ్గరికి పోకముందే మొహం మీద గుప్పెడు గచ్చు కొట్టి, తాపీతో పరిచేసేవాడు. రాయి పైకి వెళ్ళేసరికి ఒకవైపు తెల్లటి గచ్చు, ఇంకోవైపు కొత్తగా చెక్కిన నున్నటి వీపు. యొర్దాన్ వీపే చూసేవాడు. కూలి లెక్కకి వీపు మీదే ఉలితో తన గుర్తు కొట్టేవాడు. గచ్చు కింద ఏముందో అతను అడగలేదు, వహ్రామ్ చెప్పలేదు. ఇద్దరి మధ్యా అదొక స్నేహం.

వేసవంతా అలా గడిచింది. ద్రాక్షకోతలు అయిపోయాయి. పొద్దున్నే నీళ్ళ తొట్టి మీద పలచటి మంచుపొర కట్టే రోజులొచ్చాయి. ఉత్తరపు గోడ పూర్తయింది, దాని మీద కమానులకి చెక్కల ఆసరా నిలబెట్టారు.

ఒక మధ్యాహ్నం బండివాడు దుర్ముష్ రాళ్ళు తెచ్చాడు. యొర్దాన్ మజ్జిగ తాగడానికి కిందికి దిగాడు.

"ఏం దుర్ముష్, ఎడ్లు లావెక్కాయి, నువ్వు చిక్కిపోయావు. తిండి తారుమారైందా ఏంటి?" అన్నాడు వహ్రామ్.

"నీ నోట్లో సున్నం పోస్తేగానీ ఈ ఊరికి సుఖం లేదురా."

"సున్నం పొయ్యడం నా పని. నాకెవడు పోస్తాడు?"

యొర్దాన్ నవ్వుతూ గిన్నె ఎత్తి తాగాడు. మూతి తుడుచుకుంటూ, ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"ఎక్కణ్ణుంచి తెచ్చావీ బండెడు?"

"పిగాది నుంచి మామా. ఇదే ఆఖరు. ఇంక అక్కడ గడ్డి తప్ప ఏం లేదు."

యొర్దాన్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"ఏ పిగాది?"

"ఎన్ని పిగాదులున్నాయేంటి? ఆ బావులెండిపోయిన ఊరు. మనుషులు ఎప్పుడో పోయారుగా. కోతలకి ముందు నుంచీ అక్కణ్ణుంచే తోలుతున్నాను. ముందు సమాధుల తోట రాళ్ళు లేపాం, తర్వాత చర్చి గోడలు. ఏం మామా? ఏంటలా చూస్తావు?"

యొర్దాన్ ఊరు పిగాది.

ఆ ఊళ్ళో ఒక చలికాలం పిల్లలకి గొంతు జబ్బు వచ్చింది. గొంతు లోపల తెల్లటి పొర కట్టి, ఊపిరాడక, ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఊళ్ళో రాయి చెక్కేవాడు యొర్దాన్ ఒక్కడే. ప్రతి పిల్లకీ పిల్లాడికీ అతనే రాయి చెక్కాడు. పైన శిలువ, దాని కింద దానిమ్మకాయని పొడుస్తున్న పిట్ట, దాని కింద పేరు. పేరు పాదిరిగారు బొగ్గుతో రాసిస్తే, దాని వెంట ఉలి నడిపేవాడు. పిట్టకి తోలుతో అచ్చు కత్తిరించుకున్నాడు. ఏ తల్లికీ తన బిడ్డ పిట్ట చిన్నదైందని అనిపించకూడదు కదా. అన్ని పిట్టలూ ఒకటే, అన్నీ కుడివైపే చూసేవి.

చివర్లో అతని కూతురు తెక్లా పోయింది. ఆమె రాయికి కూడా ఆ అచ్చే తీశాడు. రాయి మీద పెట్టాడు. ఎంతకీ చెయ్యి రాలేదు. అచ్చుని తిరగేసి పెట్టాడు. అప్పుడు ఉలి కదిలింది. ఆ తోటలో ఎడమవైపు చూసే పిట్ట అదొక్కటే. ఎందుకలా చేశావని భార్య మక్రినా అడగలేదు. తిరగబడ్డ అచ్చు తిరగబడ్డట్టే ఉండిపోయింది.

తర్వాత బావులు ఎండాయి. ఊరు చెదిరింది. మక్రినా చెల్లెలి ఊళ్ళో ఉంటోంది, యొర్దాన్ పనులున్న చోటల్లా తిరుగుతున్నాడు. కానీ పోయినవాళ్ళని తలుచుకునే శనివారం వచ్చిన ప్రతిసారీ మక్రినా ఒక పగలంతా నడిచి పిగాది వెళ్ళేది. ఉడికించిన గోధుమల్లో ఎండుద్రాక్ష, దానిమ్మ గింజలు కలిపి తీసుకెళ్ళేది. చేతికి నూనె రాసుకుని ఆ పిట్ట రెక్కని రుద్దేది. ఎన్నేళ్ళుగా రుద్దిందో, ఆ రెక్క గాజులా నున్నబడిపోయింది.

మళ్ళీ ఆ శనివారం దగ్గరికొస్తోంది.

యొర్దాన్ బండి మీదికెక్కి రాళ్ళు ఒక్కొక్కటీ తిప్పాడు. చర్చి గడపలు, మెట్లు, దీపపు గూళ్ళు. అడుగున, తోటలో మిగిలిపోయిన పిల్లల రాళ్ళు కొన్ని. పిట్ట, కుడివైపు. ఇది ఎదురింటి పిల్లాడిది. పిట్ట, కుడివైపు. ఇది పాదిరిగారి మనవరాలిది. చదువు రాకపోయినా తను చెక్కిన అక్షరాల ఆకారం చేతికి గుర్తుంది. బండి అయిపోయింది. రాళ్ళ దొడ్డిలోకి వెళ్ళాడు. పేర్చి ఉన్న గుట్టలన్నీ విప్పి చూశాడు. వేళ్ళు చిట్లాయి. దుర్ముష్ ఏమీ అర్థం కాకపోయినా వచ్చి అటు చివర పట్టుకుని ఎత్తసాగాడు.

"ఏది కావాలో చెప్పు మామా, వెతుకుదాం."

"పిట్ట. ఎడంవైపు చూస్తుంది."

వహ్రామ్ గచ్చు కలిపే పార అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అతని మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలీదు.

"యొర్దాన్," అన్నాడు, "ఎడంవైపు చూసే పిట్టా?"

"చూశావా?"

"అన్నీ ఇటు చూస్తుంటే ఇదొక్కటీ అటు చూస్తోందేంట్రా అనుకున్నాను. వడగళ్ళు పడిన రోజు. పైన శిలువ ఉంది. అందుకని..." వహ్రామ్ చేతిలోని పార కింద పెట్టాడు. "అందుకని గచ్చు కొట్టేశాను. నీకోసమేరా. నువ్వు చూడలేవని. నేనే ఎత్తి నీ చేతికిచ్చాను."

యొర్దాన్ తన రెండు చేతుల వంక చూసుకున్నాడు.

వడగళ్ళ రోజు ఉత్తరపు గోడ లోపలివైపు మూడో వరస పేర్చాడు. తలుపు పక్క నుంచి రెండో స్తంభం దాకా. ఆ రోజు చెయ్యి బాగా సాగిందని, వడగళ్ళు పడుతున్నా దిగకుండా పని చేశాడని సుంగుర్ మెచ్చుకున్నాడు కూడా. ఆ వరసలో ఏ రాయో అతనికి తెలియదు. అన్నిటి వీపులూ ఒకేలా ఉన్నాయి. అన్నిటి మీదా అతని గుర్తే ఉంది.

ముగ్గురూ వెళ్ళి సుంగుర్‌కి చెప్పారు. సుంగుర్ అరవలేదు. గోడ దగ్గరికి నడిచాడు, మూడో వరస చూశాడు, దాని మీద లేచిన వరసలు చూశాడు, ఆ పైన కమానుకి నిలబెట్టిన చెక్కల ఆసరా చూశాడు. దాని మీద మనుషులు పని చేస్తున్నారు.

"ఏ రాయో తెలుసా?"

"తెలీదు మేస్త్రీ."

"తెలిస్తే ఏదో ఒకటి ఆలోచించేవాణ్ణి. తెలీకుండా వరసంతా ఊడదియ్యాలి. నువ్వే చెప్పు, నీ చేతి గోడ. ఊడదీస్తే ఏమవుతుంది?"

యొర్దాన్‌కి తెలుసు. గచ్చు రాయికంటే గట్టిపడింది. గునపం వేస్తే రాయి పగులుతుంది, రాయి రాకముందే కమాను పడుతుంది.

"పడుతుంది," అన్నాడు.

"పడుతుంది," అన్నాడు సుంగుర్ కూడా. గొంతు తగ్గించాడు. "మా అమ్మని మేం దారిలో పాతిపెట్టాం యొర్దానూ. మందలతో నడుస్తున్నాం. రాయి కూడా పెట్టలేదు, పెడితే నక్కలకి గుర్తవుతుందని. ఏ కొండ కిందో ఈరోజుకీ తెలీదు నాకు. నీకు గోడైనా ఉంది."

"నాకు గోడుంది మేస్త్రీ. మా ఆవిడకేం చెప్పను? శనివారానికి ఆవిడ పిగాది బయల్దేరుతుంది."

దుర్ముష్ తలొంచుకున్నాడు. "అక్కడికి పంపకు మామా. పలకలు లేపాక నేలంతా ఒకేలా కుంగిపోయింది. మా వాళ్ళ గొర్రెలు మేస్తున్నాయి. ఏ గుంట ఎవరిదో మనిషన్నవాడికి తెలీదు. నాకు తెలీక చేశాను. మా అమ్మకి నా ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. దక్కాలని నాకు దుర్ముష్ అని పెట్టారు, నిలిచిపోయినోడని. ఆ పోయినవాళ్ళ రాళ్ళు ఎవడైనా లేపితే మా అమ్మ వాణ్ణి బతకనిచ్చేది కాదు."

సుంగుర్ గడ్డం గోక్కున్నాడు.

"ఇంకో రాయి చెక్కు. నీ చెయ్యే, నీ అచ్చే. అటు చూసే పిట్టే చెక్కు. శిలువ ఒద్దు, అది నేను పెట్టలేను. పిట్ట ఒక్కటీ చాలు. వాకిట్లో నీళ్ళ తొట్టి పైన మొహం బయటికి పెట్టిస్తాను. ఆవిడ ఎప్పుడొచ్చినా చూసుకుంటుంది. శిలువా పేరూ నేనే ఉలితో కొట్టించేశానని చెప్పు, తిట్లు నేను తింటాను."

"అది అబద్ధం కదా మేస్త్రీ."

"అవును. ఇంకేముంది నీ దగ్గర?"

యొర్దాన్ దగ్గర ఇంకేమీ లేదు. తోలు అచ్చు పనిముట్ల సంచి అడుగున ఉంది, అంచులు ముడతలు పడి. దాన్ని తడిపి, సాపు చేసి, తిరగేసి పెట్టాడు. ఈసారి ఉలి ఆగకుండా నడిచింది. అదే అతన్ని భయపెట్టింది. ఆనాడు ఒక్కొక్క ఈకకీ ఏడుస్తూ చెక్కాడు, ఈనాడు పనివాడిలా చెక్కుతున్నాడు. అయ్యాక ఇసుకతో రుద్దాడు, బూడిద పట్టించాడు, నూనె పూశాడు, పొగలో పెట్టాడు. వహ్రామ్ ఆ రోజుల్లో నోరెత్తలేదు. పనివాళ్ళు, వాడికి జ్వరమా అని అడిగారు.

యొర్దాన్ దుర్ముష్ చేత మక్రినాకి కబురు పంపాడు. పిగాది వెళ్ళొద్దు, రాళ్ళు ఇక్కడికి తెచ్చారు, పిల్ల రాయి నా దగ్గరుంది, వచ్చి చూసుకో.

శనివారం పొద్దెక్కాక మక్రినా దుర్ముష్ బండిలో వచ్చింది. ఒళ్ళో గోధుమల కుండ, దాని మీద గుడ్డ. దిగీ దిగకముందే అడిగింది.

"ఏదీ?"

"ముందు కూర్చో. కాళ్ళు లాగుతున్నాయా? మజ్జిగ..."

"మజ్జిగ తాగడానికి రాలేదయ్యా. ఏదీ?"

యొర్దాన్ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాడు. రాయి ఇంకా గోడలో పెట్టలేదు, ఆనించి ఉంది. సుంగుర్ దూరంగా నిలబడ్డాడు, తిట్లు తినడానికి సిద్ధంగా. మక్రినా కుండ కింద పెట్టింది. చంకలోంచి చిన్న నూనె బుడ్డి తీసి, అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్దుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని పిట్ట రెక్క మీద చెయ్యి వేసింది.

వేసిన చెయ్యి వెంటనే తీసేసింది, ఏదో కుట్టినట్టు.

మళ్ళీ వేసింది. రెక్క వెంట ఒకసారి, మెడ వెంట ఒకసారి నెమ్మదిగా నడిపింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"దీన్ని ఎవరూ ముట్టుకోలేదు," అంది.

"శిలువ తీసేటప్పుడు ఇసకతో రుద్దారు మక్రినా, అందుకని..."

"నా మొహం చూసి చెప్పు."

యొర్దాన్ ఆమె మొహం చూడలేకపోయాడు.

"ఎప్పుడు చెక్కావు ఇది?"

"మొన్న."

"బాగా చెక్కావు. మునపటికంటే బాగుంది పిట్ట." ఆమె గొంతులో వెటకారం లేదు. అది ఉంటే అతనికి కొంచెం సులువుగా ఉండేది. "నా పిట్ట ఏమైంది?"

అప్పుడు చెప్పాడు. మొత్తం చెప్పాడు. శిలువలు చూడలేకపోవడం, వహ్రామ్ గచ్చు కొట్టడం, వడగళ్ళ రోజు, మూడో వరస. వహ్రామ్ వచ్చి ఆమె ముందు కూలబడ్డాడు.

"నాదే తప్పు వదినా. కొట్టాలంటే కొట్టు. వాడికి బాధ తగలకూడదని..."

"వాడికి తగలకూడదని," అంది మక్రినా. "నువ్వు మంచివాడివి వహ్రామ్. ఈయనా మంచివాడే. మంచివాళ్ళిద్దరూ కలిసి నా పిల్లని గచ్చులో పెట్టారు." యొర్దాన్ వైపు తిరిగింది. "రాయి తిప్పి చూడ్డానికి ఎంతసేపయ్యా? నేను ఆ గొంతు లోపలికి చూశాను. దీపం పట్టుకుని, నోరు తెరిపించి, ఆ తెల్లపొర రోజూ చూశాను. చూడలేనని నేనంటే ఎవరు చూసేవాళ్ళు?"

ఎడ్ల మెడగంటలు మోగాయి.

"గోడ చూపించు," అంది.

సాలలోకి తీసుకెళ్ళాడు. పైన పనిచేస్తున్న వాళ్ళని సుంగుర్ సైగ చేసి దింపేశాడు. సుత్తులు ఆగిపోయాయి. తలుపు పక్క నుంచి రెండో స్తంభం దాకా మూడో వరస ఆమె నడుము ఎత్తులో ఉంది. తెల్లగా, నున్నగా, ఒకదాని పక్కన ఒకటి, సందున కత్తి కూడా దూరకుండా.

"ఇందులోనా?"

"ఇందులోనే."

"ఏదో నీ చేతికి కూడా తెలీదా?"

"తెలీదు."

మక్రినా చేతికి మళ్ళీ నూనె వేసుకుంది. తలుపు పక్కనున్న మొదటి రాయి మీద అరచెయ్యి ఆనించి, "తెక్లా," అంది. కొంచెంసేపు ఆగింది, బదులు వస్తుందేమో అన్నట్టు. రెండో రాయి దగ్గరికి జరిగి, "తెక్లా," అంది. మూడో రాయి దగ్గర కూడా అంతే. అలా వరసంతా నడిచింది. సగానికొచ్చేసరికి, ఆ గోడలో ఉన్నది తన పిల్ల ఒక్కతే కాదని గుర్తొచ్చిందో ఏమో, "వసిలో," అంది. "అన్నా," అంది. ఆ చలికాలం పోయిన పిల్లలందరి పేర్లూ ఆమెకు నోటికొచ్చు. వాళ్ళ తల్లులు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. రెండో స్తంభం చేరేసరికి రాళ్ళ మీద నూనె చారలు మసక వెలుతురులో తడిగా కనిపించాయి.

తిరిగొచ్చి కుండ విప్పింది. గోధుమలు గుప్పెడు గుప్పెడు తీసి పంచింది. దుర్ముష్ రెండు చేతులూ పట్టి తీసుకుని, "అల్లా వాళ్ళని చల్లగా చూడాలి," అన్నాడు. సుంగుర్ కూడా తీసుకున్నాడు. గోడ వైపు తిరిగి, నిలబడే తిన్నాడు. వహ్రామ్ తింటూ ఏడ్చాడు. యొర్దాన్ చెయ్యి చాపాడు. మక్రినా అతని చేతిలో కూడా పెట్టింది, అందరికీ పెట్టినట్టే, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"గచ్చు బాగా పట్టిందా?" అని అడిగింది.

"పట్టింది. వెయ్యేళ్ళు కదలదు."

ఆమె తలూపింది. కుండకి మళ్ళీ గుడ్డ కట్టింది.

మంచు పడేలోగా సాలకి కప్పు పడింది. కొత్త పిట్టని సుంగుర్ తొట్టి పైన పెట్టించాడు. వచ్చేపోయే బేహారులు, ఎంత బాగుందో అనేవాళ్ళు, ఒంటెలకి నీళ్ళు పెడుతూ దాని మెడ నిమిరేవాళ్ళు. మక్రినా చెల్లెలి ఊరు వదిలేసి సరాయి పక్కన గుడిసెలో కాపురం పెట్టింది. రొట్టెలు కాల్చి బాటసారులకి అమ్మేది. శనివారాలు మాత్రం, బేహారులు లేచి వెళ్ళిపోయాక, నూనె బుడ్డి తీసుకుని సాలలోకి వెళ్ళేది. గుర్రాలకి ఆమె వాసన అలవాటైంది. ఉత్తరపు గోడకి కట్టేసిన గుర్రాలు ఆమె రాగానే వాటంతట అవే కాస్త పక్కకి జరిగేవి.

యొర్దాన్ ఆమె వెంట తలుపు దాకా వచ్చేవాడు. గడప బయటే ఆగేవాడు. లోపలి నుంచి ఆమె గొంతు ఒక్కొక్క పేరే పలుకుతూ దూరంగా వెళ్ళడం, మళ్ళీ దగ్గరికి రావడం వినేవాడు. లోపలికి రమ్మని ఆమె ఏనాడూ అనలేదు. వస్తానని అతనూ అడగలేదు.